రోగం వచ్చినప్పుడు చట్టం ఎవరితో మాట్లాడుతుంది?

బడిలో కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడు పిల్లల్ని ముందుగా ఒక ప్రశ్న అడుగుతాం. ఈ మాటలు ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు? కథను అలా చదవడం నేర్పుతాం, పద్యాన్ని అలా చదవడం నేర్పుతాం. మన బతుకుల మీద అన్నిటికంటే ఎక్కువ పెత్తనం చేసే రచన చట్టం. దాన్ని మాత్రం చదవం. అది వకీళ్ల పని అని పక్కన పెట్టేస్తాం. 2020 మార్చిలో ఒక చిన్న చట్టం మన గుడిసెల ముందుకు వచ్చి నిలబడింది. వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టించింది, సంతలు మూయించింది, బస్సులు ఆపించింది. దాని పేరు అంటువ్యాధుల చట్టం, 1897. ఈ వ్యాసంలో దాన్ని ఒక రచనగా చదివి, అందులో ఏముందో, ఏం లేదో చెప్పాలని నా ప్రయత్నం.

ఒక మాట ముందే చెప్పాలి. అంటురోగం వచ్చినప్పుడు ప్రభుత్వానికి అధికారం ఉండకూడదని నేను అనడం లేదు. ఉండాలి. ఆ అధికారం ఎలా రాసి ఉంది, ఎవరి మీద ఎలా పడుతుంది, మనిషి ఇష్టానికి అందులో చోటెక్కడ అన్నదే చర్చ.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897 ఫిబ్రవరి 4న ఈ చట్టం వచ్చింది. మొత్తం నాలుగైదు సెక్షన్లు, ఒక కాగితంలో ఇమిడిపోతుంది. రెండో సెక్షన్ ముఖ్యమైనది. ప్రమాదకరమైన అంటువ్యాధి వచ్చినప్పుడు మామూలు చట్టాలు చాలవని ప్రభుత్వానికి తోస్తే, ప్రజలందరూ గానీ, ఒక వ్యక్తి గానీ, ఒక తరగతి మనుషులు గానీ పాటించాల్సిన నియమాలు పెట్టవచ్చని దాని సారం. మూడో సెక్షన్ శిక్ష గురించి. ఆజ్ఞ మీరితే పాత శిక్షాస్మృతి 188వ సెక్షన్ వర్తించేది. 2024 జులై 1 నుంచి ఆ చోటులో భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ వచ్చింది. నాలుగో సెక్షన్ అధికారికి రక్షణ. మంచి ఉద్దేశంతో చేసిన పనికి అతని మీద దావా వేయడానికి లేదు.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ప్రభుత్వం అధికారితో మాట్లాడుతోంది. నీకు ఈ అధికారం ఇచ్చాను, నీ మీద కేసు ఉండదు అని చెబుతోంది. జనం గురించి మాట్లాడుతోంది గానీ జనంతో మాట్లాడటం లేదు. ప్రమాదకరమైన రోగం అంటే ఏమిటో చెప్పలేదు. నియమాలు ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పలేదు. ఇంట్లో కట్టడి చేసిన మనిషికి తిండి ఎవరు పెట్టాలో చెప్పలేదు. అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పలేదు. 2020లో దీన్ని సవరించారు. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా. ఆ సవరణ అవసరమే. మన ఏఎన్‌ఎం అమ్మల మీద, ఆశా కార్యకర్తల మీద చెయ్యి చేసుకోవడం ఎవరూ ఒప్పుకోరు. కానీ నూట ఇరవై మూడేళ్ల తర్వాత చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు రోగి వైపు, కట్టడిలో ఉన్న కుటుంబం వైపు ఒక్క హక్కు కూడా చేర్చలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. దాని 12వ సెక్షన్‌లో తిండి, నీళ్లు, నీడ, వైద్యం వంటి కనీస సాయానికి ప్రమాణాలు ఉండాలని ఉంది. అంటే ఇలా రాయడం చేతగాని పని కాదు.

'ఒక తరగతి మనుషులు' అన్న మాట దగ్గర మన సమాజాలవాళ్లు కాసేపు ఆగాలి. ఈ మాట మనకు కొత్తది కాదు. 1871 నేరస్థ తెగల చట్టంలో ప్రభుత్వం ఏదైనా ఒక తెగను, ముఠాను, ఒక తరగతి మనుషులను నేరస్థులుగా ప్రకటించవచ్చని ఇదే మాట ఉంది. ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించడానికి లేదని కూడా ఉంది. 1911 తర్వాత మద్రాసు రాజధానిలో మా ఎరుకల కుటుంబాలు ఎన్నో ఆ జాబితాలోకి ఎక్కాయి. పేరు రిజిస్టరులో, వేలిముద్ర పోలీసు దగ్గర, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. దాని తోటి కాలపు అంటువ్యాధుల చట్టం మాత్రం ఇప్పటికీ ఉంది.

రెండూ ఒకటే అని నేను అనను. ఒకటి మనుషుల మీద అబద్ధపు నింద. రెండోది నిజమైన రోగం మీద పోరాటం. కానీ రెండూ ఒకే దొరతనం చేతి రాతలు. జనాన్ని నమ్మకుండా జనం కోసం పని చేయవచ్చని అనుకున్న రాతలు. 1897లో పూనాలో ప్లేగు సోదాల పేరుతో సిపాయిలు ఇళ్లలోకి దూరారు. ఆ కోపంలో ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ప్లేగును ఆపడానికి వచ్చిన అధికారం ప్లేగుకంటే ఎక్కువ భయం పుట్టించింది. ముత్తాతల కాలం నుంచి రిజిస్టరంటే, పాసంటే, వేలిముద్రంటే ఉలిక్కిపడే కుటుంబాల్లోకి 2020లో మళ్లీ రిజిస్టరు, పాసు, సర్వే వచ్చాయి. మనవాళ్లు తలుపు వేసుకుంటే అది చదువులేనితనం అని తేల్చినవాళ్లకు ఈ చరిత్ర తెలియదు.

కుప్పం సంగతి చూస్తే ఈ చట్టంలోని ఇంకో లోపం తెలుస్తుంది. కుప్పానికి ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు వందల్లో ఉంటారు. రెండో సెక్షన్ అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. కాబట్టి నియమాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఇల్లు ఒక ప్రభుత్వం కింద, పని ఇంకో ప్రభుత్వం కింద, మామ ఇల్లు మూడో ప్రభుత్వం కింద ఉన్న మనిషికి ఎవరి పాసు చెల్లుతుంది? ఎవరి క్వారంటైన్ వర్తిస్తుంది? ఆ కుటుంబానికి రోగం గురించి పూచీ పడే ప్రభుత్వాలు మూడైతే, బియ్యం గురించి పూచీ పడేది ఎన్ని? అధికారం గీత దగ్గర ఆగిపోతుంది. ఆకలి ఆగదు, వైరస్ ఆగదు. ఈ చట్టం రాసినవాళ్ల కళ్లలో ఓడరేవులు ఉన్నాయి గానీ సరిహద్దు పల్లెలు లేవు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని విమర్శించాం. ఇప్పుడు మనవైపు చూద్దాం. "నా ఒళ్లు నా ఇష్టం" అన్న మాట ఈ మధ్య మన యువకుల నోట ఎక్కువగా వింటున్నాను. ఆ మాటలో సగం నిజముంది. నా కాలు నొప్పికి మందు వేసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా నా ఇష్టమే. కానీ క్షయ ఉన్న మనిషి పరీక్షకు రాకుండా ఒకే గదిలో ఆరుగురు పిల్లలతో పడుకుంటే అది అతని ఒక్కడి ఇష్టం కాదు. ఆ పిల్లలు ఎంచుకోలేదు. మశూచి మన దేశం నుంచి పోయింది. 1975 మే తర్వాత ఒక్క కేసు లేదు. ఇంటింటికీ తిరిగి రోగిని వెతికి, చుట్టూ ఉన్నవాళ్లకు టీకాలు వేసి దాన్ని తరిమారు. అందులో కొన్ని చోట్ల బలవంతమూ జరిగింది. ఆ బలవంతాన్ని మెచ్చుకోనక్కర్లేదు. అయితే మొహం నిండా మచ్చలు, పోయిన చూపు మన పిల్లలకు తెలియకుండా పోవడం వెనక ఊరంతా కలిసి చేయించుకున్న పని ఉందని మరచిపోకూడదు.

అమెరికాలో 1905లో జాకబ్సన్ అనే అతని కేసు వచ్చింది. మశూచి టీకా వేసుకోనన్నాడు. అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వ అధికారాన్ని సమర్థించింది. కానీ అక్కడి శిక్ష ఐదు డాలర్ల జరిమానా. పట్టుకుని సూది పొడవడం కాదు. ఇందులో గమనించాల్సింది ఉంది. అధికారం ఉండటం ఒకటి, ఎంత వాడాలన్నది ఇంకొకటి.

ఎంత వాడాలి అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగులను ఇంటికి దూరంగా, గాలి వెలుతురు ఉన్న చోట నెలల తరబడి ఉంచి చూసుకోవడానికి మిషన్లు కట్టిన శానిటోరియం అది. డేనిష్ వైద్యులు ఫ్రిమాట్-మోలర్, ఆయన కొడుకు అక్కడ పని చేశారు. మన దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948లో. 1950 నుంచి 1955 దాకా ఈ చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద జరిగిన పెద్ద అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. మన గుట్టల నడుమ ఊళ్లు ప్రపంచ వైద్య చరిత్రలో ఉన్నాయని మన పిల్లలకు చెప్పం. చెప్పాలి.

ఆ రోజుల్లోనే టీకా మీద పెద్ద వాదం నడిచింది. 1955లో రాజాజీ సామూహిక బీసీజీ టీకాలను వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకం వేశారు. అంతకు ముందు సంవత్సరం దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి కాబట్టి ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరిది సరి? తర్వాత 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద పెద్ద పరిశోధన మొదలైంది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని అందులో తేలింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి అది కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు నేటికీ వేస్తున్నారు. అంటే పూర్తిగా ప్రభుత్వమూ గెలవలేదు, పూర్తిగా రాజాజీ గెలవలేదు. ఈ వాదంలో నాకు పనికివచ్చేది ఇది. సందేహం అడిగినవాడు దేశద్రోహి కాదు. అడిగిన సందేహానికి పరీక్షతో జవాబు చెప్పడమే శాస్త్రం పని. రాజాజీ అడిగితే వాదమైంది. అదే ప్రశ్న తండాలో ముసలమ్మ అడిగితే మూఢనమ్మకం అయింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనం అడగాలి.

ఇంకో పాఠం మద్రాసుది. 1956లో అక్కడ ఒక పరిశోధన మొదలైంది. కొందరు క్షయ రోగులకు శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే ఉంచి మందులు ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. క్రమంగా మందులు వాడితే ఇంట్లో ఉన్నవాళ్లూ అంతే బాగా కోలుకున్నారు. ఇంటివాళ్లకు రోగం అదనంగా ఏమీ సోకలేదు. రోగిని కుటుంబం నుంచి వేరు చేయక తప్పదన్న నమ్మకం ఆ ఒక్క పరిశోధనతో కదిలిపోయింది. చిన్న కట్టడితో పని జరిగే చోట పెద్ద కట్టడి పెట్టకూడదు అన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నిజంగా చిన్న కట్టడి చాలదా అని పరీక్షించి చూసే ఓపిక ప్రభుత్వానికి ఉండాలి.

ఇప్పుడు ఉపాధ్యాయులుగా మనం తప్పించుకోలేని ఉదాహరణ. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన కార్యక్రమం. అది అంటురోగం ఉధృతంగా ఉన్న సమయం కాదు, తొందరేమీ లేదు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆదివాసీలు, చాలామంది హాస్టళ్లలో ఉన్నవాళ్లు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు.

రెండు రాష్ట్రాల్లో ఆ సమయంలో ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ చావులకు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పింది. ఆ టీకా చాలా దేశాల్లో వేస్తున్నారు, మంచి ఫలితాలు ఇస్తోంది. అయితే లోపం ఎక్కడ? సంతకం దగ్గర. వార్డెన్ బిడ్డకు అన్నం పెట్టవచ్చు, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకుపోవచ్చు. తల్లిదండ్రులు బతికి ఉండగా, అడిగే సమయం ఉండగా, వాళ్ల బదులు ఒప్పుకునే హక్కు వార్డెన్‌కు లేదు. మంచి మందును చెడ్డ పద్ధతిలో ఇస్తే మందుకే చెడ్డపేరు వస్తుంది. రేపు అదే టీకా మన బడికి వస్తే అనుమానపడే తల్లిని మనం తప్పుపట్టలేం. ఆ అనుమానానికి మూలం ఆమె కాదు.

కోర్టులు ఈ మధ్య ఏమన్నాయో యువకులు తెలుసుకోవాలి. 2021లో మేఘాలయలో, అది ఆదివాసీ రాష్ట్రం, దుకాణదారులు, వీధి వ్యాపారులు, టాక్సీ డ్రైవర్లు కరోనా టీకా వేసుకుంటేనే పని మొదలుపెట్టాలని జిల్లా అధికారులు ఆజ్ఞ ఇచ్చారు. జూన్‌లో అక్కడి హైకోర్టు బలవంతపు టీకా చెల్లదంది. అంతటితో ఊరుకోలేదు. సిబ్బంది టీకా వేసుకున్నారా లేదా అన్నది దుకాణం ముందు బోర్డు మీద రాయమంది. జనానికి విషయం తెలిస్తే వాళ్లే నిర్ణయించుకుంటారన్న ఆలోచన అది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు, 21వ అధికరణం కింద మనిషికి తన శరీరం మీద హక్కు ఉందనీ, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ చెప్పింది. అదే తీర్పులో, సమాజం ఆరోగ్యం కోసం ప్రభుత్వం తగినన్ని ఆంక్షలు పెట్టవచ్చనీ, ఆ ఆంక్షలు అవసరానికి మించకూడదనీ కూడా చెప్పింది. మన పిల్లలు ఫోన్లలో మొదటి సగమే పంచుకుంటారు, అధికారులు రెండో సగమే గుర్తుపెట్టుకుంటారు. తీర్పు రెండు సగాలూ కలిపి చదవాల్సినది.

అయితే కోర్టు తీర్పుల్లో కూడా కనిపించని విషయం ఒకటుంది. 2021లో పుంగనూరు వైపు ఒక కాలనీలో టీకా గురించి చెప్పడానికి పోయినప్పుడు ఒక పెద్దామె నాతో అన్న మాట ఇది. "సూది ఏపిచ్చుకుంటా సారూ. జొరమొస్తే రెండు దినాలు పనికి పోయేదానికి కాదు. ఆ రెండు దినాల కూలి ఎవురిస్తారు?" ఆమె ప్రశ్నలో దేవుడు లేడు, దయ్యం లేదు, పుకారు లేదు. లెక్క ఉంది. అక్కడికి దగ్గరలోనే ఇంకో ఊళ్లో ఎవరో టీకా లేకపోతే బియ్యం ఆపేస్తామన్నారట. జనం వచ్చి వేయించుకున్నారు, రెండో డోసుకు మళ్లీ కనపడలేదు. ఈ కాలనీలో మాత్రం ఏఎన్‌ఎం అమ్మ శనివారం సాయంత్రం వచ్చింది. ఆదివారం ఎటూ పని తక్కువ. జ్వరం మాత్రలు ఇచ్చి, మర్నాడు మళ్లీ వచ్చి చూసింది. మెల్లగా అందరూ వచ్చారు. చట్టం మారలేదు, మందు మారలేదు. ఆమె లెక్కకు ఒకరు జవాబు చెప్పారు.

ఇష్టం, అధికారం అని రెండు మాటలనే ఎదురెదురుగా పెట్టి వాదించేవాళ్లతో నా విభేదం ఇక్కడే. నగరంలో నెల జీతం ఉన్న మనిషికి ఆ రెండే ఉంటాయి. మనవాళ్లకు మూడోది ఉంది, స్తోమత. ఒకే గది ఉన్నవాడు వేరుగా ఉండలేడు. బోరింగు దగ్గర క్యూ కట్టాల్సినవాడు దూరం పాటించలేడు. రోజు కూలివాడు పద్నాలుగు రోజులు కదలకుండా కూర్చోలేడు. అలాంటివాడు నియమం మీరితే దాన్ని ఇష్టం అనకూడదు, నేరం అని అసలే అనకూడదు. క్షయ విషయంలో ప్రభుత్వానికి ఈ బుద్ధి కొంత వచ్చింది. 2018 నుంచి క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. కేసు తెలియజేయకపోతే చర్య అన్నది రోగి మీద కాకుండా వైద్యుల మీద, మందుల దుకాణాల మీద పెట్టారు. భారం మోయగలిగినవాడి మీద భారం, మోయలేనివాడికి సాయం. అంటువ్యాధుల చట్టమంతా ఈ పద్ధతిలో తిరగరాయవచ్చు.

తిరగరాయాలని మనం ఒక్కరమే అనడం లేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో 1897 చట్టం ఈ కాలానికి చాలదనీ, దాన్ని సవరించాలి లేదా కొత్త చట్టం తేవాలనీ సిఫారసు చేసింది. కొత్త చట్టం వస్తే దాన్ని ఏ ప్రశ్నలతో చదవాలో మనం ముందే సిద్ధం చేసుకోవాలి. నా వరకు ఆరు ప్రశ్నలున్నాయి. ఈ ఆజ్ఞకు కారణమేమిటో ఆధారంతో చెప్పారా? ఎన్నాళ్లుంటుందో తేదీ ఉందా? ఇంతకంటే చిన్న కట్టడితో పని జరగదా? కట్టడిలో ఉన్న ఇంటికి తిండి, కూలి ఎవరి పూచీ? అన్యాయం జరిగితే ఎవరికి, ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలి? ఇదంతా తెలుగులో, లంబాడీలో, ఎరుకల కుర్రులో, జనానికి అర్థమయ్యే మాటలో చెప్పారా?

తోటి ఉపాధ్యాయులను ఒకటే కోరుతున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఆ ఒక్క కాగితపు చట్టాన్ని సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో చదివించండి, ఈ ఆరు ప్రశ్నలు వాళ్ల చేతే వేయించండి. టీకా పత్రం బడికి వచ్చినప్పుడు పిల్ల చేతికిచ్చి పంపకుండా ఇంటికి పోయి చదివి వినిపించండి. తల్లి కాదంటే ఎందుకు కాదంటోందో రాసుకుని ఏఎన్‌ఎం అమ్మకు చెప్పండి. యువకులు గ్రామసభలో ఈ ప్రశ్నలు ఇప్పుడే, ఏ రోగమూ లేని రోజుల్లోనే లేవనెత్తాలి. రోగం వచ్చిన రోజున అడగడానికి ఎవరికీ తీరిక ఉండదు, వినడానికి అసలే ఉండదు.